తెల్లవారితే శనివారం

బ్యాంకాక్ నదిలో ఏ రంగు జెండా పడవ ఏ రేవులో ఆగుతుందో కెనడాలో, ఎడ్మంటన్‌లో కుర్చీలోంచి లేవకుండా చెప్పేదాన్ని. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి రైలు ఎక్కడ ఎక్కాలి, స్తంభాల మీద పోయే రైలు దిగి భూమి లోపల పోయే రైలు ఎక్కడ అందుకోవాలి, ఒక రైలు టికెట్ ఇంకో రైలుకి ఎందుకు పనికిరాదు, అన్నీ నాకు నోటికొచ్చు. ఆ ఊరు మాత్రం ఎన్నడూ చూడలేదు.

మీలో చాలామందికి ట్రావెల్ ఏజెన్సీ అంటే ఏమిటో కూడా తెలియకపోవచ్చు. ఫోన్ తీసి, నాలుగుసార్లు నొక్కి, టికెట్ మీరే చేసుకుంటారు. నేను పోయిన ఏడాది రిటైరయ్యేదాకా ఎడ్మంటన్ మిల్‌వుడ్స్ పేటలో ఒక చిన్న ఆఫీసులో ఆ నొక్కుడు పని జీతానికి చేశాను. మొదట్లో అన్ని ఊళ్ళకీ చేసేదాన్ని. పోను పోను మన తెలుగువాళ్ళంతా నా బల్ల దగ్గరే చేరారు. వైజాగుకీ హైదరాబాదుకీ బ్యాంకాక్ మీదుగా వెళ్ళే అలవాటు మొదలయ్యాక నా పని మరీ పెరిగింది.

దానికి కారణం ఉంది. ఆ ఊరికి విమానాశ్రయాలు రెండు. కెనడా నుంచి వెళ్ళే పెద్ద విమానం సువర్ణభూమిలో దిగుతుంది. వైజాగు వెళ్ళే చిన్న విమానం ఊరికి అవతల డాన్ ముయాంగ్‌లో లేస్తుంది. మధ్యలో ఊరంతా ఉంది. మనవాళ్ళు ఎలాగూ దిగాం కదా అని రెండు రోజులు ఉండి చూసి వెళ్దామనుకునేవారు. ఏ రైలెక్కాలి, ఏ పడవెక్కాలి, టాక్సీ ఎప్పుడు ఎక్కకూడదు అని నన్ను అడిగేవారు. అడిగినవాళ్ళకల్లా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒక కాగితం తయారుచేశాను. గంటా నిమిషాలతో సహా, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి. మా ఆఫీసులో దాన్ని షీట్ అనేవారు. మనవాళ్ళు చీటీ అనేవారు. 'ఆవిడ చీటీ ఉంటే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు' అని గుడిలో చెప్పుకుంటుంటే విని, విననట్టు నటించి, ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పిన సందర్భాలు ఉన్నాయి.

ఇంక ముహూర్తాల సంగతి. మన లెక్కలో సూర్యుడు లేస్తేనే రోజు మారుతుంది. అర్ధరాత్రి దాటాక మూడింటికి ముహూర్తమైతే అది ఇంకా ముందు రోజు కిందే లెక్క. అందుకే శుభలేఖల్లో 'శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం' అని వేస్తారు. ఒకసారి నేను అది పట్టించుకోకుండా గురువారం అంటే గురువారమే అనుకుని ఒక కుటుంబాన్ని పెళ్ళికి ఒక రోజు ముందే దింపేశాను. నష్టమేమీ లేదు, ఒకరోజు అదనంగా భోజనం చేసి వచ్చారు. కానీ ఆ ఇల్లాలు ఫోన్‌లో నన్ను కడిగి ఆరేసింది. అప్పట్నుంచి ఎవరు రాత్రి ముహూర్తం చెప్పినా, ఏ వారమంటే ఆ వారానికి ఒకరోజు కలిపి రాసుకోవడం నా అలవాటైంది. నేనేదో పెద్ద రహస్యం కనిపెట్టినట్టు గర్వంగా కూడా ఉండేది.

అలాంటి రోజుల్లో వచ్చారు ఇంజనీరుగారు. ఆయిల్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. అనకాపల్లి వైపు మనిషి. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కరే ఉంటారు. అరవై అయిదేళ్ళుంటాయి, కుడి మోకాలు సరిగ్గా వంగదు. ఎప్పుడు టికెట్ చేయించుకున్నా దాన్ని ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో లైను లైనుకీ టిక్ పెట్టి, తప్పుంటే కొట్టేసి రాసి నాకు తెచ్చిచ్చేవారు. నా పేరు స్పెల్లింగ్ కూడా ఒకసారి దిద్దారు.

"మా అక్క కూతురి పెళ్ళమ్మా," అన్నారు. "శనివారం. రాత్రి మూడూ పన్నెండుకి ముహూర్తం."

నేను రాసుకున్నాను. శనివారం రాత్రి మూడూ పన్నెండు, అంటే కేలండర్లో ఆదివారం. పాతకాలం మనిషి కదా, పంచాంగం లెక్కే చెబుతారు, కలపాల్సింది నేనే అనుకున్నాను. ఆయనేమో కెనడాలో ఆఫీసు నడిపేవాళ్ళకి పంచాంగం ఏం తెలుస్తుందిలే అని ముందే తనే కలిపి చెప్పారు. అసలు ముహూర్తం శుక్రవారం రాత్రిది. ఒకే రోజుని ఇద్దరం చెరోసారి కలిపాం. ఇది నాకు తర్వాత తెలిసింది.

"ఎన్ని రోజుల ముందు వెళ్తారు సార్?" అని అడిగాను.

"ముందెందుకమ్మా? ముందెళ్తే మా బావకి ఎదురుగా కూర్చోవాలి. మాటా మాటా వస్తాది. బ్యాంకాక్‌లో రెండు రాత్రులు కాలు చాపుకుని పడుకుంటాను. పెళ్ళి నాడు దిగి, గంప పట్టుకుని, అక్షింతలేసి వచ్చీస్తాను."

ఆయనా బావగారూ పదకొండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఏదో పెళ్ళి భోజనాల దగ్గర వచ్చిన మాటట, అంతకుమించి ఆయన చెప్పలేదు, నేనడగలేదు. అక్కతో కూడా పండక్కి ఒక ఫోను, అంతే. అయితే పోయిన నెలలో మేనకోడలే ఫోన్ చేసిందట. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తీసుకురావాల్సింది మేనమామ. ఆ పిల్లకి ఉన్నది ఈయనొక్కరే. "మామయ్యా, నువ్వు రాకపోతే గంపలో ఎక్కను, నడిచే వస్తాను. అందరూ చూస్తారు, చూడనీ" అందట. ఆ మాట చెబుతూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మోకాలు తట్టుకుంటుందా సార్?"

"గంప మోసేదాకా తట్టుకుంటే చాలమ్మా. తరవాత దాని ఇష్టం."

గురువారం సాయంత్రం బ్యాంకాక్‌లో దిగేలా, శుక్రవారమంతా అక్కడే ఉండేలా, శనివారం పొద్దున పదకొండూ నలభైకి డాన్ ముయాంగ్‌లో విమానం ఎక్కేలా టికెట్ చేశాను. ఆయన కోసం ప్రత్యేకంగా చీటీ రాశాను. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, 'ముహూర్తం: ఆదివారం తెల్లవారుజాము 3.12' అని వేశాను. ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆయన ఆ చీటీని ఎర్ర టిక్కులతో తెచ్చిచ్చారు. రెండు తప్పులు దిద్దారు. ఒక కాపీ నేను ఉంచుకున్నాను. దాంతోపాటు మూలలకి పసుపు రాసిన శుభలేఖ కూడా ఇచ్చారు, మా ఓనరమ్మ పేరూ నా పేరూ రాసి. నేను నమస్కారం పెట్టి పక్కన పెట్టాను. నాకు తెలిసిన ముహూర్తమే కదా, మళ్ళీ చదవడమెందుకు?

మా ఓనరమ్మ తాతల కాలం నుంచీ ఇక్కడే, మా ఆల్బర్టా రాష్ట్రంలోనే ఉన్న ఉక్రేనియన్ కుటుంబం మనిషి. శుభలేఖ మీద బంగారు రంగు వినాయకుణ్ణి చూసి ముచ్చటపడి తీసుకెళ్ళి బోర్డుకి పిన్ను గుచ్చింది, హాకీ షెడ్యూలు పక్కన. మూడు రోజులు నేను దాని ముందు నుంచే కాఫీకి వెళ్ళాను, వచ్చాను.

గురువారం సాయంత్రం ఆరవుతుండగా ఆవిడ తలుపు తాళంచెవి చేత్తో పట్టుకుని బోర్డు దగ్గర ఆగి, శుభలేఖ లోపలి ఇంగ్లీషు పేజీ తిప్పి చూసింది.

"నీ ఇంజనీరు ఇప్పటికే పెళ్ళింట్లో ఉన్నాడా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"లేదు, బ్యాంకాక్‌లో. పెళ్ళి ఆదివారం."

"ఇక్కడ శుక్రవారం రాత్రి అని ఉందే. శుక్రవారానికీ శనివారానికీ మధ్య రాత్రి అని."

మా సంప్రదాయంలో రోజు లెక్క వేరేలా ఉంటుందని ఆవిడకి ఓపిగ్గా వివరిస్తూ లేచి వెళ్ళాను. శుభలేఖ తెరిచి తెలుగు పేజీ చదివాను. 'శుక్రవారం రాత్రి 3.12, తెల్లవారితే శనివారం.' మళ్ళీ చదివాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. బ్యాంకాక్ మనకంటే పదమూడు గంటలు ముందు, అక్కడ ఇప్పుడు శుక్రవారం పొద్దున ఏడు. ముహూర్తం ఈ రాత్రికి, అంటే వాళ్ళ ఈ రాత్రికి. నేను ఆయనకి ఇచ్చిన టికెట్ ప్రకారం ఆయన పెళ్ళయిపోయిన రోజు మధ్యాహ్నం వైజాగులో దిగుతారు. కాసేపు నాకు ఇది ఏ వారమో, మేమున్నది ఏ రోజో కూడా అర్థం కాలేదు.

"శుక్రవారం విమానం ఉందా?" అంది ఓనరమ్మ. ఆవిడ అలాంటప్పుడు తిట్టదు, ముందు పని చేస్తుంది.

ఉంది. అదే పదకొండూ నలభై విమానం, రోజూ ఉంటుంది. అయిదు నిమిషాల్లో టికెట్ మార్చాం. పది నలభైకి కౌంటరు మూసేస్తారు. అంటే దగ్గర దగ్గర మూడున్నర గంటలుంది. ఇంక ఆయన్ని పట్టుకోవడమే తరువాయి.

ఫోను స్విచాఫ్. రోమింగ్ దండగ అని ఆయన వైఫై ఉన్నచోట తప్ప ఫోను తెరవరు. ఆయన దిగిన హోటల్‌కి చేశాం. ఆరున్నరకే బయటికి వెళ్ళారు, చేతిలో ఒక కాగితం పట్టుకుని అన్నారు. ఆ కాగితం నాదే. 'ఏడు లోపల బయల్దేరితే రద్దీ ఉండదు' అని రాసింది నేనే.

అప్పుడు నా దగ్గరున్న కాపీ తీశాను. ఆరూ నలభై అయిదుకి నారింజ జెండా పడవ. ఏడూ ఇరవైకి రేవు. ఏడూ నలభైకి పహురాట్‌లో ఉత్తరాది హోటల్లో పూరీ, చాయ్. ఆ పేట అక్కడి మన ఇండియన్ల పేట, శాకాహారం దొరుకుతుందని ఎప్పట్నుంచో మావాళ్ళని అక్కడికే పంపేదాన్ని. ఆయన చీటీ తప్పే మనిషి కాదు. సరిగ్గా ఏ నిమిషంలో ఎక్కడుంటారో నాకు తెలుసు. అప్పుడే అన్నిటికంటే పైన లైను పక్కన ఆయన పెట్టిన ఎర్ర టిక్ కూడా కనబడింది. సరే, ఆయన కూడా చూసుకోలేదు పాపం అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం ఊరట కలిగింది.

ఆ పూరీల హోటల్ నంబరు నా దగ్గరే ఉంది. యజమాని సర్దార్జీ. ఆయనతో నా వరంగల్ హిందీలో, ఒక పొడుగాటి పెద్దమనిషి, నీలం చొక్కా, కొంచెం కుంటుతూ వస్తారు, వస్తే ఫోన్ ఇవ్వండి అని బతిమాలాను. సరేనన్నాడు. అక్కడ ఏడూ నలభై అయింది. రాలేదు. ఎనిమిది. రాలేదు. ఎనిమిదీ పది. నేను రాసిన రేవు అసలు ఉందా అని అనుమానం వచ్చింది. ఆ పడవ రోజూ అక్కడ ఆగుతుందో, కొన్ని వేళల్లోనే ఆగుతుందో, నేను చూసిన మ్యాప్ ఎప్పటిదో. ఇన్నేళ్ళలో ఎంతమందిని ఆ పడవ ఎక్కించానో, వాళ్ళంతా ఎక్కడ దిగారో ఎవరూ నాకు చెప్పలేదు. అందరూ మర్యాదస్తులు.

మాకు ఏడున్నర అవుతోంది. బయట ఎండ మధ్యాహ్నంలా కాస్తోంది, జూన్ కదా. ఓనరమ్మ తలుపు తాళం వేసి, పక్క కొట్లోంచి సమోసాలు తెచ్చింది. తినలేకపోయాను.

ఎనిమిదీ ఇరవై అయిదుకి సర్దార్జీ చేశాడు. "మీ మనిషి వచ్చాడు," అని ఫోన్ ఇచ్చాడు.

"ఏటమ్మా, ఏమైంది?"

"సార్, ఎక్కడికి పోయిండ్రు మీరు?" ఆదుర్దాలో నా భాష వరంగల్ చేరిపోయింది.

"పడవాడు రేవులో ఆపినట్టే ఆపి పోయాడమ్మా. గభాల్న దూకాలంట. నా మోకాలితో ఏం దూకను? ఆ తరవాతి రేవులో దిగి నడిచొచ్చాను."

చెప్పాను. ముహూర్తం ఈ రాత్రే, టికెట్ మార్చాం, పది నలభై లోపల డాన్ ముయాంగ్‌లో ఉండాలి. అవతల పళ్ళేలు పెడుతున్న శబ్దం వినబడింది.

"నేను శనివారం అనే కదమ్మా చెప్పాను," అన్నారు మెల్లగా.

"అవును సార్. మీరు ఒకసారి కలిపిండ్రు, నేను మళ్ళ కలిపిన."

"పెట్టి నేను దిగిన హోటల్లో ఉండిపోయింది. పిల్లకి పెట్టే చీర అందులోనే ఉంది."

"పాస్‌పోర్టు?"

"ఒంటి మీదే ఉంది. మీ చీటీలో రాశారుగా."

ఇప్పుడు ఎలా వెళ్ళాలన్నది తేలాలి. ఓనరమ్మ టాక్సీ ఎక్కమంది. ఆవిడ ముప్ఫై ఏళ్ళ కింద హనీమూన్‌కి ఆ ఊరు వెళ్ళింది, అప్పుడు అక్కడ ఊళ్ళో తిరిగే ఈ రైళ్ళే లేవు. నేను మ్యాప్ చూస్తూ, మళ్ళీ పడవలో వెనక్కి వెళ్ళి పెట్టి తీసుకుని, స్తంభాల మీది రైల్లో ఉత్తరానికి పోయి, అక్కడ బస్సు పట్టుకోమన్నాను. సర్దార్జీ పక్కనుంచి హిందీలో అరుస్తున్నాడు, శుక్రవారం ఈ వేళకి టాక్సీ ఎక్కితే ఇక్కడే ఉంటారు, పడవ వద్దు, అయిదు నిమిషాలు నడిస్తే భూమి లోపలి రైలు, దాంట్లో పెద్ద స్టేషన్ దాకా, అక్కడ ఎర్ర రైలు నేరుగా విమానాశ్రయానికే అని. మోటారు సైకిల్ టాక్సీ మాట కూడా ఎవరో అన్నారు. ఆ మోకాలితో మోటారు సైకిల్ ఎక్కితే దిగడానికి ఇద్దరు కావాలి.

"ఆగండమ్మా," అన్నారు ఇంజనీరుగారు. "ముగ్గురు మూడు చెబుతున్నారు. మీరు చెప్పిన బస్సు మీరెప్పుడైనా ఎక్కారా?"

అబద్ధం చెప్పొచ్చు. ఇన్నేళ్ళూ ఆ అబద్ధం నోటితో అనకుండానే చెప్పుకుంటూ వచ్చాను.

"లేదు సార్. నేను ఆ ఊరు ఎన్నడు చూడలే. మ్యాప్‌లు చూసుకుంట రాసిందే అంతా. రోజు కూడ నేనే తప్పు లెక్కేసిన. మీ శుభలేఖ ఒక్కసారి తెరిచి చూసినా తెలుస్తుండె, చూడలే. తప్పు నాదే. మీ కాళ్ళు మొక్కుత, ఆ సర్దార్జీ చెప్పినట్టు పోండి."

ఆయన సర్దార్జీని స్టేషన్ ఎటువైపని అడగడం వినబడింది.

"సరేనమ్మా. చీర అక్కడే ఉండనీండి. చీర లేకపోతే మేనమామని కాకుండా పోతానా?"

ఒక్క విషయం మాత్రం నాకు నిజంగా తెలిసింది చెప్పగలిగాను. ఆ భూమి లోపలి రైలు ఊరి చుట్టూ ఉంగరంలా తిరుగుతుంది. ఇటు వెళ్ళే రైలూ అటు వెళ్ళే రైలూ రెండూ తా ఫ్రా అనే స్టేషన్‌కే చేరతాయి. బోర్డు మీద ఆ పేరు చూసి తప్పు రైలెక్కినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. "సార్, తా ఫ్రా పేరు చూడకండి, హువా లాంఫోంగ్ వైపు పోయేదే ఎక్కండి" అని మూడుసార్లు చెప్పాను. సర్దార్జీ ఫోన్ తీసుకుని, భార్యని గల్లా పెట్టె దగ్గర కూర్చోబెట్టి తానే వెళ్ళి రైలెక్కించి వస్తానన్నాడు. పూరీలు పొట్లం కట్టించాడు కూడా. ఆయన మొహం నేను ఇప్పటికీ చూడలేదు.

ఆ తర్వాత ఏమీ లేదు. ఆయన ఫోన్ పనిచేయదు. మా సిస్టంలో ప్రతి టికెట్ పక్కన ఒక మాట ఉంటుంది. ప్రయాణం చేయనంతసేపూ 'ఓపెన్'. కౌంటరు దగ్గరికి మనిషి వెళితే 'చెక్డ్ ఇన్'. నేను ఆ తెర ముందు కూర్చుని బటన్ నొక్కుతూనే ఉన్నాను. ఓపెన్. ఓపెన్. ఆయన హువా లాంఫోంగ్ వైపే ఎక్కారా? పెద్ద స్టేషన్‌లో దిగి ఎర్ర రైలు ఎక్కడో వెతుక్కుంటున్నారా? కుడి మోకాలితో మెట్లు ఎక్కుతున్నారా? నేను ఇన్నాళ్ళూ 'అక్కడ మారండి' అని ఒక్క ముక్కలో రాసేసిన చోట ఎన్ని మెట్లుంటాయో ఎప్పుడూ ఆలోచించలేదు. గంప ఖాళీగా ఉంటే ఆ పిల్ల నిజంగా నడిచే వస్తుంది. వచ్చేలాగే ఉంది.

మాకు తొమ్మిదయింది, ఎండ ఇంకా కిటికీలోనే ఉంది. అక్కడ పది. పదీ పది. పదీ ఇరవై. ఓపెన్. ఓనరమ్మ నా వెనక నిలబడి నా భుజం మీద చెయ్యి వేసింది, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. పదీ ముప్ఫై ఒకటికి నొక్కితే మాట మారింది. చెక్డ్ ఇన్. నేను ఆ బల్ల మీదే తల పెట్టుకుని ఏడ్చాను. ఓనరమ్మ చల్లారిన సమోసా ఒకటి తీసుకుని తినడం మొదలుపెట్టింది.

మర్నాడు, మాకు శుక్రవారం మధ్యాహ్నం నాలుగింటికి, అక్కడ తెల్లవారుజాము మూడున్నరకి, ఫోటో వచ్చింది. ఏ లెక్కలో చూసినా మాకది శుక్రవారమే. గంపలో పెళ్ళికూతురు, మొహం నిండా నవ్వు. ఒక పక్క గంప అంచు పట్టుకుని ఇంజనీరుగారు. అందరూ పట్టు పంచెల్లో ఉంటే ఈయన పడవెక్కిన నీలం చొక్కాతోనే ఉన్నారు, భుజాన ఎవరిదో కండువా. జేబులోంచి మడిచిన కాగితం ఒకటి బయటికి కనబడుతోంది.

సోమవారం నేను ఓనరమ్మకి జరిగినదంతా రాసిచ్చాను, తప్పు నాదేనని సంతకం పెట్టి. ఇంక చీటీలు రాయనన్నాను. ఆవిడ ఆ కాగితం చదివి సొరుగులో పెట్టింది. నెల రోజులు ఎవరొచ్చి బ్యాంకాక్ అన్నా, ఫోన్లో చూసుకోండి అని పంపించేశాను. మనవాళ్ళు కొందరు నాకు పొగరెక్కిందన్నారు.

జూలై చివర్లో ఆయన వచ్చారు. తిరుగు ప్రయాణంలో బ్యాంకాక్ హోటల్లో పెట్టి తీసుకున్నారట. చీర అనకాపల్లికి కొరియర్ చేశారట. మా ఇద్దరికీ అనకాపల్లి బెల్లం తెచ్చారు. ఓనరమ్మకి దాన్ని ఏం చేయాలో తెలియక వాసన చూసింది. ఆ తర్వాత జేబులోంచి నా చీటీ తీసి బల్ల మీద పరిచారు. నిండా ఎర్ర పెన్ను. 'పడవ ఆగదు, దూకాలి.' 'ఇక్కడ మెట్లు 61.' 'లిఫ్ట్ ఉంది, వెనక వైపు.' 'ఈ టికెట్ బిళ్ళలా ఉంటుంది, లోపల పడేసి బయటికి రావాలి.' దేనికదే నీటుగా రాసుకొచ్చారు.

"ఇది పెట్టుకోండమ్మా. మళ్ళీ రాసేటప్పుడు పనికొస్తాది."

"నేను రాయడం మానేసిన సార్," అన్నాను. కాగితం పై అంచు చూపించాను. "ఈ లైను మీరు కూడ చూసుకోలేదు కదా. నాకు అదొక్కటే కొంచెం ఓదార్పు."

ఆయన మోకాలు చేత్తో రాసుకుంటూ కూర్చున్నారు.

"చూశానమ్మా," అన్నారు.

"ఏం చూసిండ్రు సార్?"

"ఆదివారం అనుంటే తప్పని వెంటనే తెలిసింది. కొట్టేద్దామని పెన్ను కూడా పెట్టాను. తరవాత అనిపించింది, ఉండనీ అని. నేను బయల్దేరాను, దారిలో లేటయింది, ట్రావెల్స్‌వాళ్ళ పొరపాటు. మా అక్క ఏమనదు, పిల్ల ఏమనదు. బావ మొహం చూడక్కర్లేదు. టిక్ పెట్టేశాను."

కోపం రావాలా, నవ్వు రావాలా, ఆ నెల రోజులూ నేను పడ్డది ఎవరి ఖాతాలో వేయాలి, ఏమీ తోచలేదు. ఓనరమ్మ సొరుగులో నా సంతకం ఉంది.

"ఆ పొద్దున రేవు తప్పిపోయి తరవాతి రేవులో దిగానని చెప్పాను చూడండి. అది నిజమే. కానీ అక్కడ బల్ల మీద అరగంట కూర్చున్నాను. నీళ్ళు చూస్తూ. ఇంక దొరకను, ఎవరూ ఏమీ చెయ్యలేరు అని హాయిగా ఉందమ్మా. ఆకలేసి హోటల్‌కి లేచాను."

"మరి ఎందుకు పోయిండ్రు సార్? నేను చెప్పిన బస్సు నేనెక్కలేదని కూడ చెప్తిని కదా."

"అందుకే వెళ్ళాను." ఆయన కళ్ళజోడు తీశారు. "తప్పు నాది. అది తెలిసీ ఊరుకున్నాను. మీరేమో అక్కడ ఏడుస్తూ తప్పు నాదే, తప్పు నాదే అంటున్నారు. పదకొండేళ్ళలో ఆ ముక్క నేనూ అనలేదు, మా బావా అనలేదు. విమానం ఎక్కేముందు వైఫై దొరికితే పిల్లకి వస్తున్నానని మెసేజ్ పెట్టాను. వైజాగులో దిగేసరికి కారు పట్టుకుని బావే నిలబడి ఉన్నాడు. ఆ ముక్క నేనే ముందు అనీశాను. ఆయన నా చేతిలో పూరీల పొట్లం తీసుకున్నాడు."

ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. చీటీ నా వైపు నుంచి తన వైపుకి తిప్పుకున్నారు. పైన పెద్ద అక్షరాలతో ఉన్న 'ఆదివారం' మీద అడ్డంగా గీత గీసి, తన టిక్కుని కూడా కొట్టేసి, పక్కన రాశారు: 'శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం.'

లేచి, ఓనరమ్మ బల్ల దగ్గరికి కుంటుతూ వెళ్ళి, నా సంతకం ఉన్న కాగితం ఇవ్వమని అడిగారు. దాన్ని కూడా దిద్దాలన్నారు.